నిప్పు తరుగు నుంచి బట్టా దాకా: చైనా వెండి ముద్దలు, హాలీ సిక్కా, రాజ్య ఆదాయం

ప్రవేశిక

తెలుగులో నాణెం చెల్లుతుంది, బాకీ చెల్లుతుంది, అధికారి మాట కూడా చెల్లుతుంది. చెల్లింపు, చెల్లుబడి, చెల్లుచీటీ అనే మాటలన్నీ ఈ ఒక్క క్రియ నుంచి వచ్చినవే. లోహానికి ఆమోదం, రుణానికి విముక్తి, ఆజ్ఞకు అమలు అనే మూడింటినీ ఒకే మాట చెప్పడం ఆర్థిక చరిత్రకారుడు ఆలోచించదగిన విషయం. లోహం తనంత తాను చెల్లదు. దాన్ని తూచేవారు, వన్నె చూసేవారు, ముద్ర వేసేవారు, చివరకు స్వీకరించేవారు ఉండాలి. ఇంతమంది చేతులు మారేటప్పుడు కొంత విలువ తరిగిపోతుంది. ఆ తరుగును ఎవరు భరించారు అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

దీనికి రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకటి, చైనా సామ్రాజ్య ఖజానాకు ఆధారమైన వెండి ముద్దలు. రెండవది, ఆసఫ్‌జాహీ పాలనలో తెలంగాణ రైతు శిస్తు కట్టిన హాలీ సిక్కా. నేడు ఈ రెండూ సేకర్తల వస్తువులు. వాటి అందం, అరుదుదనం గురించి చాలామంది రాశారు. అవి శిస్తు వసూళ్ళ సాక్ష్యాలన్న సంగతి వెనకబడింది. ఆ సాక్ష్యాన్ని చదవడానికి ఘనపూర్ పేరు గల ఓరుగల్లు ప్రాంతపు ఊళ్ళు ఎలా తోడ్పడతాయో కూడా చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

1. ముద్ద – ముద్ర

'రూపాయి' అనే మాటకు మూలమైన సంస్కృత 'రూప్య' శబ్దానికి రూపం వేసినది, ముద్రించినది అని అర్థం. 'సిక్కా' అంటే అచ్చు. 'హాలీ' అంటే ప్రస్తుతం చెలామణిలో ఉన్నది. కాబట్టి 'హాలీ సిక్కా' అంటే నడుస్తున్న నాణెం. ఇందులో ఏ మాటా లోహాన్ని చెప్పదు. అన్నీ ముద్రను, చెలామణిని చెబుతాయి. మన సంప్రదాయంలో నాణేనికి ప్రాణం ముద్ర.

అయితే ముద్ర ఉన్నా పరీక్ష తప్పలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రం నాణేల పరీక్షకు 'రూపదర్శకుడు' అనే అధికారిని పేర్కొంది. నాణేల మీద నూటికి ఎనిమిది 'రూపిక', నూటికి అయిదు 'వ్యాజి', నూటికి ఎనిమిదో వంతు 'పారీక్షిక' అని రుసుములు విధించింది. అంటే నాణెం పరీక్ష తొలినుంచీ రాజ్యానికి ఆదాయ మార్గమే. లోహపు వన్నె లెక్కలు తెలుగులోకి కూడా తొందరగానే వచ్చాయి. మహావీరుని గణితసారసంగ్రహంలో వేర్వేరు వన్నెల బంగారాన్ని కలిపే లెక్కలున్నాయి. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలో తెలుగు చేశాడు. 'పదహారు వన్నెల బంగారం' అనే పలుకుబడి ఈ విద్య జనవ్యవహారంలోకి దిగిన తీరుకు గుర్తు.

చైనా ఇందుకు భిన్నమైన దారి పట్టింది. అక్కడ రాజ్యం మధ్యలో చతురస్రపు రంధ్రం గల రాగి కాసులను పోతపోయించింది గాని, వెండిని శతాబ్దాల పాటు నాణెంగా ముద్రించలేదు. వెండి తూకంతోనే నడిచింది. దాని తూకపు ప్రమాణం 'లియాంగ్'. ఖజానా ప్రమాణంలో ఇది సుమారు 37.3 గ్రాములు. 50 లియాంగుల పెద్ద ముద్దను 'యువాన్‌బావో' అన్నారు. అంచులు రెండు వైపులా పైకి లేచిన పడవ ఆకారంలో ఉండే ఈ ముద్ద బరువు సుమారు 1,865 గ్రాములు. మన పాత తూకంలో ఇది దాదాపు 160 తులాలు, అంటే రెండు సేర్లు. పాశ్చాత్య వర్తకులు ఇలాంటి ముద్దలన్నిటినీ 'సైసీ' అన్నారు. సన్నని పట్టుదారం అని అర్థం వచ్చే చైనా మాటకు అది మారు రూపం. మేలిమి వెండి చల్లారేటప్పుడు పైన దారాల వంటి సన్నని గీతలు ఏర్పడతాయి. ఆ గీతలే దాని వన్నెకు తొలి గుర్తు.

2. సామ్రాజ్య ఖజానా – నిప్పు తరుగు

పదహారో శతాబ్దంలో చైనా పన్నుల తీరు మారింది. ధాన్యం, వస్త్రం, వెట్టి రూపాల్లో ఉన్న రకరకాల బాధ్యతలను కలిపి వెండిలో వసూలు చేసే పద్ధతిని మింగ్ మంత్రి జాంగ్ జుజెంగ్ 1581లో దేశమంతటికీ వర్తింపజేశాడు. దానికి కావలసిన వెండి ప్రధానంగా బయటి నుంచి వచ్చింది. జపాన్‌లోని ఇవామి గనుల వెండి ఒక దారిన, స్పానిష్ అమెరికాలోని పొటోసి గనుల వెండి మరొక దారిన చేరాయి. 1571లో మనీలా స్పెయిన్ చేతికి వచ్చాక పసిఫిక్ మీదుగా రెండో దారి విశాలమైంది. పట్టు, పింగాణీ, తేయాకు బయటికి వెళ్ళాయి, వెండి లోపలికి వచ్చింది.

పన్ను వెండిలో కట్టాలన్నప్పుడు రైతు దగ్గర ఉండేవి చిన్న తునకలు. ఖజానాకు పంపవలసినవి 50 లియాంగుల ముద్దలు. తునకలను కరిగించి ముద్ద పోస్తే కొంత వెండి తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి అసలు పన్ను మీద అదనంగా వసూలు చేసిన దాన్ని 'హువోహావో' అన్నారు. దీనికి మాటకు మాటగా తెలుగు చేస్తే 'నిప్పు తరుగు' అవుతుంది. కంసాలి పనిలో, ధాన్యం కాటా దగ్గర మనం నేటికీ వాడే 'తరుగు' అనే మాటే ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. కరిగించడంలో నిజంగా పోయేది స్వల్పం. వసూలైనది మాత్రం చాలా చోట్ల నూటికి పది, ఇరవై, కొన్నిచోట్ల అంతకు మించి. మిగులు స్థానిక అధికారుల ఖర్చులకు, వారి పైవారి కానుకలకు పోయింది.

చింగ్ చక్రవర్తి యోంగ్‌జెంగ్ 1724లో ఈ వసూలును రద్దు చేయలేదు, బహిరంగపరిచాడు. నిప్పు తరుగును రాష్ట్ర ఖజానాలో జమ చేయించి, దాని నుంచి అధికారులకు 'నిజాయితీని పోషించే వెండి' అనే పేరుతో అదనపు జీతం ఇప్పించాడు. చాటుగా సాగిన వసూలును లెక్కలోకి తెచ్చిన ఈ సంస్కరణ ఆయన తరువాత క్రమంగా బలహీనపడింది.

పన్ను ముద్దల మీద కనిపించే అక్షరాలు ఈ వ్యవస్థ నుంచే పుట్టాయి. జిల్లా పేరు, సంవత్సరం, పన్ను రకం, పోతపోసిన కంసాలి పేరు వాటిపై గుద్దేవారు. ముద్దలో వన్నె తగ్గితే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి ఆ పేరు. అది అలంకారం కాదు, పూచీకత్తు.

3. వెండి దారి తిరగడం

పంతొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ ప్రవాహం వెనుదిరిగింది. బీహార్, మాళవ ప్రాంతాల నల్లమందు చైనా తీరానికి చేరడం, దాని ధర వెండిలో బయటికి రావడం మొదలైంది. వెండి ముద్దల ఎగుమతిని చింగ్ ప్రభుత్వం నిషేధించినా దొంగచాటుగా అవి కలకత్తా, బొంబాయిలకు చేరాయి. అక్కడి టంకశాలల్లో కరిగి కంపెనీ రూపాయలయ్యాయి.

చైనా పల్లెలో దీని ఫలితం తీవ్రమైనది. రైతు సంపాదించేది రాగి కాసులు, కట్టవలసింది వెండి లెక్క. శతాబ్దారంభంలో ఒక లియాంగ్‌కు సుమారు వెయ్యి కాసులు ఉన్న మారకం 1840ల చివరికి రెండు వేలు దాటింది. పన్ను రేటు కాగితం మీద మారలేదు. రైతు మీద భారం మాత్రం రెట్టింపైంది. తరువాత యుద్ధ పరిహారాలు వచ్చిపడ్డాయి. 1895 షిమొనొసెకి ఒప్పందంతో జపాన్‌కు 20 కోట్ల లియాంగులు, 1901 ఒప్పందంతో పాశ్చాత్య రాజ్యాలకు, జపాన్‌కు కలిపి 45 కోట్ల లియాంగులు 39 ఏళ్ళలో వడ్డీతో కట్టడానికి చైనా ఒప్పుకోవలసి వచ్చింది. జపాన్ తనకు వచ్చిన పరిహారం ఆధారంగా 1897లో బంగారు ప్రమాణానికి మారింది.

ఇక్కడ పరిశోధకునికి ఒక చిక్కు ఉంది. కలకత్తాలో కరిగిన చైనా ముద్ద ఏ రూపాయిలో చేరిందో ఏ పరీక్షా ఇప్పుడు తేల్చదు. కరిగిన వెండికి పుట్టుక చెరిగిపోతుంది. కరగకుండా మిగిలిన ముద్ద విలువ ఇందువల్లనే. అది తన జిల్లాను, సంవత్సరాన్ని, కంసాలిని తనపై నిలుపుకొన్నది.

4. హాలీ సిక్కా – బట్టా

ఆసఫ్‌జాహీ పాలకులు మొదట మొగలు చక్రవర్తుల పేరనే నాణేలు ముద్రించారు. 1857 తరువాత ఆ పేరు తొలగి 'నిజాముల్ముల్క్ ఆసఫ్‌జా బహదూర్' అనే బిరుదు వచ్చింది. హైదరాబాదు టంకశాల ఒక్కటే కాదు, గద్వాల, వనపర్తి, నారాయణపేట వంటి చోట్ల కూడా నాణేలు తయారయ్యాయి. వాటి వన్నెలు, తూకాలు ఒకటి కావు. ఒక ఊళ్ళో నిండు విలువకు చెల్లిన నాణెం మరొక ఊళ్ళో కోతతో చెల్లేది. ఆ కోతకు తెలుగు వ్యవహారంలో 'బట్టా', 'వట్టం' అని పేర్లు. బట్టాను నిర్ణయించేవాడు షరాబు. చైనా నిప్పు తరుగు కొలిమి పేర వసూలైతే, ఇక్కడి బట్టా మారకం పేర వసూలైంది. రెండింటిలోనూ కట్టేవాడు రేటును ప్రశ్నించలేని స్థితిలో ఉన్నాడు.

రాజ్యం కూడా వడ్డీవ్యాపారుల చేతుల్లోనే ఉండేది. విలియం పామర్ కంపెనీ నిజాం ప్రభుత్వానికి అధిక వడ్డీకి అప్పులిచ్చింది. ఆ బాకీ తీర్చడానికి 1823లో నిజాం వదులుకున్నది ఉత్తర సర్కారుల మీద కంపెనీ ఏటా చెల్లించవలసిన 7 లక్షల రూపాయల పేష్కష్. దాని ఏకమొత్తం విలువ 1,16,66,666 రూపాయలుగా లెక్కకట్టారు. తీరాంధ్ర మీద హైదరాబాదుకు మిగిలిన చివరి ఆర్థిక హక్కు అలా వడ్డీలెక్కలో ముగిసింది. సైనిక దళం ఖర్చుల బాకీ పేర 1853లో బీరారు కూడా చేజారింది.

అదే ఏడాది దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ టంకాన్ని హైదరాబాదులో కేంద్రీకరించాడు. శిస్తు గుత్తేదార్లను తొలగించి జీతగాళ్ళైన అధికారులను నియమించాడు. 1865లో జిల్లాబందీ ఏర్పాటు చేశాడు. ధాన్యంలో భాగం తీసుకునే బటాయి స్థానంలో నగదు శిస్తు వచ్చింది. ఖజానా దృష్టిలో ఇది గొప్ప మేలు. రైతు దృష్టిలో మరొక కొత్త అవసరం: కిస్తు గడువుకు చేతిలో సిక్కా ఉండాలి. ధాన్యాన్ని కళ్ళంలోనే వర్తకునికి అమ్మడమో, సాహుకారు దగ్గర అప్పు చేయడమో తప్పలేదు. చైనాలో 1581 తరువాత జరిగినదానికీ, తెలంగాణలో 1860ల తరువాత జరిగినదానికీ ఈ అంశంలో పోలిక బలమైనది. నగదు పన్ను రాజ్యానికి లెక్కను సులభం చేసింది. ధాన్యాన్ని వెండిగా మార్చే కష్టాన్ని పల్లెకు వదిలింది.

తరువాతి కాలపు హాలీ రూపాయి తూకం సుమారు 11.18 గ్రాములు, అందులో వెయ్యికి 818 వంతులు వెండి. బ్రిటిష్ రూపాయిని తెలంగాణలో 'కల్దారు' అన్నారు. దాని తూకం 11.66 గ్రాములు, వెయ్యికి 917 వంతులు వెండి. లెక్కవేస్తే హాలీలో మేలిమి వెండి సుమారు 9.14 గ్రాములు, కల్దారులో 10.69 గ్రాములు. ఈ రెండింటి నిష్పత్తి దాదాపు ఏడుకు ఆరు. వంద కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు అని స్థిరపడిన మారకం సరిగ్గా ఇదే నిష్పత్తి. కాబట్టి ఆ మారకం హాలీని చిన్నచూపు చూసి పెట్టినది కాదు, లోహాన్ని బట్టి నిలిచినది. ఇదే కొలతతో చూస్తే మేలిమి చైనా యువాన్‌బావో ఒకటి దాదాపు రెండు వందల హాలీ రూపాయల వెండికి సమానం.

ఈ సరళమైన నిష్పత్తి నిలవడానికి ముందు ఒడుదొడుకులు తక్కువ కావు. 1870ల నుంచి ప్రపంచమంతటా వెండి ధర పడిపోయింది. 1893 జూన్‌లో బ్రిటిష్ ఇండియా టంకశాలలు ప్రజల వెండిని స్వేచ్ఛగా నాణెం చేయడం మానేశాయి. దాంతో కల్దారు విలువ దానిలోని వెండి ధర నుంచి విడివడింది. కల్దారుకు దొరికిన ఆ రక్షణ హాలీ సిక్కాకు వెంటనే దొరకలేదు.

5. ఘనపూర్ నుంచి చూస్తే

ఈ చరిత్రను ఓరుగల్లు సీమలో నిలబడి చూడటానికి ఘనపూర్ అనే పేరు అనువైనది. భూపాలపల్లి జిల్లాలోని ఘనపురం కోటగుళ్ళకు ప్రసిద్ధి. పదమూడో శతాబ్దపు ఆ శివాలయ సముదాయం, దాని పక్కన ఉన్న గణపసముద్రం చెరువు కాకతీయ గణపతిదేవుని పేరును నేటికీ మోస్తున్నాయి. జనగామ జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్ పేరులోనే రైలు ఉంది. ఒక ఊరి పేరు చెరువును, గుడిని గుర్తుచేస్తే, మరొక ఊరి పేరు రైలుమార్గాన్ని గుర్తుచేస్తుంది. రాజ్య ఆదాయ చరిత్రలో ఇవి రెండు ఘట్టాలు.

గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం మొదటి ఘట్టానికి మేలైన ఆధారం. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారని, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోమని అందులో ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయ్యో వంతు. ఆ తరువాత చందనం, కర్పూరం, చీని కర్పూరం, ముత్యాలు, పట్టు, పోకలు మొదలైన సరుకులకు గద్యాణాల్లో, పణాల్లో విడివిడి రేట్లున్నాయి. ఇక్కడ గమనించవలసినది రేటు ఎక్కువా తక్కువా అన్నది కాదు. అది రేవులో అందరికీ కనిపించేలా రాతిపై చెక్కి ఉంది. చాటుమాటు తరుగుకు చోటు తగ్గించడమే ఆ శాసనంలోని 'అభయం'. యోంగ్‌జెంగ్ చక్రవర్తి దాదాపు అయిదు శతాబ్దాల తరువాత వేరే దేశంలో, వేరే అవసరంతో చేసిన పని కూడా స్వభావంలో ఇటువంటిదే.

రెండో ఘట్టం 1886. ఆ ఏడాది సికింద్రాబాదు నుంచి వరంగల్లుకు రైలు వచ్చింది. ఘన్‌పూర్ ఆ దారిలోనిదే. మార్గాన్ని విస్తరించిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ మూలధనాన్ని లండన్‌లో సమీకరించింది. దానిపై 20 ఏళ్ళపాటు 5 శాతం వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది. లండన్ లెక్క పౌండ్లలో, తెలంగాణ శిస్తు హాలీ సిక్కాలో. వెండి ధర పడిన కొద్దీ ఒక పౌండుకు ఎక్కువ వెండి కావాలి. 1883లో ఈ రైలు పథకం షరతులపై హైదరాబాదులో అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటివారు బహిరంగ చర్చ కోరారు. ఫలితంగా అఘోరనాథ్ నగర బహిష్కరణకు గురయ్యాడు. మోటుపల్లిలో రేటును రాతిపై చెక్కి చాటిన రాజ్యనీతికి, షరతులు చెప్పమన్నవారిని వెళ్ళగొట్టిన రాజ్యనీతికి ఉన్న దూరాన్ని ఘనపూర్ పేరు గల ఈ రెండు ఊళ్ళ మధ్య కొలవవచ్చు.

6. సేకర్త బాధ్యత

చైనాలో 1933లో లియాంగ్ లెక్క రద్దయింది. 1935లో వెండి ప్రమాణమే పోయింది. ముద్దలు భారీగా కరిగిపోయాయి. హాలీ సిక్కా 1959తో చెల్లుబాటు కోల్పోయింది. నగలకు, పాత్రలకు వెండిగా కరిగినవి పోగా మిగిలినవే నేటి సేకరణలు. చైనా ముద్దలపై బ్రిటిష్ మ్యూజియం సేకరణను వివరిస్తూ జో క్రిబ్ 1992లో వెలువరించిన పట్టిక పరిశోధకులకు మార్గదర్శి. సిచువాన్‌లోని జియాంగ్‌కోవ్ వద్ద నదీగర్భంలో 2017 నుంచి జరిగిన తవ్వకాలలో తిరుగుబాటు నాయకుడు జాంగ్ షియాన్‌జోంగ్ సంపదగా గుర్తించిన వెండి ముద్దలు వేరువేరు జిల్లాల పన్ను ముద్రలతో బయటపడ్డాయి. అవి శాస్త్రీయంగా తవ్వినందువల్లనే ఏ జిల్లా వెండి ఎక్కడికి చేరిందో చెప్పగలిగాయి.

సేకరణ మార్కెట్టు అభిరుచి ఇందుకు విరుద్ధంగా పనిచేస్తుంది. షరాబు ఉలిగుర్తు పడిన రూపాయికి ధర తక్కువ, మచ్చలేని దానికి ఎక్కువ. చరిత్రకు మాత్రం ఆ ఉలిగుర్తే ముఖ్యం. ఆ నాణెం ఎన్ని చేతుల అనుమానాన్ని దాటిందో చెప్పేది అదే. అలాగే పాత వెండిని తళతళలాడేలా తోమడం వల్ల అక్షరాల అంచులు అరుగుతాయి, ఒక్కోసారి చైనా ముద్దలపై సిరాతో రాసిన పరీక్షకుల గుర్తులు పూర్తిగా పోతాయి. నకిలీల బెడద కూడా ఉంది. వెండి సాంద్రత 10.49, సీసం 11.34, రాగి 8.96. నీటిలో తూచి సాంద్రత చూడటం తొలి వడపోతకు పనికొస్తుంది. కాని సీసాన్ని, రాగిని తగిన పాళ్ళలో కలిపిన నకిలీ ఆ పరీక్షను దాటగలదు. అందుచేత ముద్రల లిపి, పోత తీరు, లోహ విశ్లేషణ మూడూ కలవాలి.

మన ప్రాంతంలో ఇంతకన్నా పెద్ద సమస్య గుప్తనిధుల వేట. తెలంగాణలో పాత గుళ్ళ గర్భాలయాలను, నంది విగ్రహాలను, కోటగోడలను తవ్వి పాడుచేయడం తరచుగా వింటున్నదే. దొరికినది నాణేల కుండ అయితే దాన్ని విడగొట్టి అమ్ముతారు. కుండతో పాటు ఉన్న సమాచారం, అంటే ఏ నాణేలు ఎన్ని, ఏ కాలానివి ఏ కాలానివాటితో కలిసి ఉన్నాయి అన్నది, తిరిగి రాదు. 1878 నాటి నిక్షేపాల చట్టం పది రూపాయల విలువ మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలని నిర్దేశించింది. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్ళు దాటిన నాణేలను పురావస్తువులుగా గుర్తించింది. 2017లో తెలంగాణ తన వారసత్వ పరిరక్షణ చట్టాన్ని తెచ్చుకుంది. చట్టం చేయలేని పని ఒకటుంది. తమ దగ్గరున్న నాణెం తూకం, కొలత, రెండు వైపుల ఛాయాచిత్రం, దొరికిన చోటు, కొన్న వివరం రాసిపెట్టడం సేకర్తే చేయాలి.

తెలుగు శాఖలకూ ఇందులో పని ఉంది. పాత దస్తావేజులు, చిట్టా ఆవర్జాలు, సాహుకారుల పద్దులు హాలీ, కల్దారు, బట్టా, వట్టం, తరుగు వంటి మాటలతో నిండి ఉన్నాయి. నిఘంటువులు వీటికి ఒక్కొక్క పర్యాయపదం ఇచ్చి ఊరుకుంటాయి. ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో, నూటికి ఎంత అన్నది పద్దులనుంచి ఏరితేనే ఆ మాటలకు పూర్తి అర్థం వస్తుంది. నాణెం చదివేవారు పద్దును, పద్దు చదివేవారు నాణేన్ని చూడకపోతే రెండూ సగమే.

ఉపసంహారం

చైనా ముద్దకు రాజముద్ర లేదు, హాలీ సిక్కాకు ఉంది. అయినా రెండింటి చరిత్రలో కనిపించేది ఒకటే. రాజ్యం వెండిలో పన్ను అడిగినప్పుడు ఆ వెండిని సమకూర్చడం, కరిగించడం, మార్చడం, పరీక్షించడం అనే ఖర్చులు పన్ను రేటులో కనిపించకుండా పన్ను కట్టేవాని మీద పడ్డాయి. ముద్రను ఏకం చేయడం వల్ల ఆ భారం కొంత తగ్గింది. రేటును బహిరంగం చేయడం వల్ల మరికొంత తగ్గింది. మోటుపల్లి శాసనం, యోంగ్‌జెంగ్ సంస్కరణ, ఏడుకు ఆరు అనే హాలీ మారకం ఈ రెండో కోవకు చెందినవి. లెక్క చాటుగా సాగిన చోట కొలిమి పేరుతోనో మారకం పేరుతోనో భారం పెరిగింది. పన్ను రేట్లను మాత్రమే చూసి రైతు భారాన్ని అంచనా వేసే చరిత్ర ఈ కారణంగానే అసంపూర్ణం. తరుగును కూడా లెక్కలో చేర్చాలి. దానికి ఆధారాలు శాసనాలలో, పద్దులలో, ఇళ్ళలో మిగిలిన నాణేలపై షరాబు వేసిన చిన్న ఉలిగుర్తులలో ఉన్నాయి.